తాత మారుతికి ప్లాస్టిక్ అద్దాలు

క్లబ్ వాళ్లు ఈసారి "సెలవుల్లో మీ చేతులతో చేసిన పని ఏదైనా ఉంటే రాయండి" అన్నారు. కోడింగ్ కూడా చేతులతోనే కదా చేస్తాం అంటే ఎడిటర్ అక్క ఒప్పుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో మా పెద్దనాన్న వాళ్ల అపార్ట్‌మెంట్ ఉంది. దాని సెల్లార్‌లో, దీపావళి నుంచి సంక్రాంతి దాకా ఆదివారం ఆదివారం కూర్చుని, ఒక పాత మారుతి 800 అద్దాలు తీసేసి ప్లాస్టిక్ కిటికీలు పెట్టాం. పెట్టింది మా అన్న (పెద్దనాన్న కొడుకు). నేను పట్టుకున్నాను, కొలిచాను, లెక్కలు వేశాను, మధ్యమధ్యలో టీలు తెచ్చాను.

నా తెలుగు గురించి ముందే చెప్పేస్తా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్. ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం. ఈ వ్యాసంలో మీకు కనిపించే పనిముట్ల మాటలు, ఆకురాయి, బెజ్జం, పెళుసు లాంటివి, సగం ఆ సెల్లార్‌లోనే తాత నోట విని నేర్చుకున్నవి.

బండి తాతది. 2010 మార్చిలో కొన్నాడు. నెల కూడా ఎందుకు చెబుతున్నానంటే దానికో కథ ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్ 4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. మారుతి 800 ఇంజన్‌ని వాటికి తగ్గట్టు మార్చకుండా కంపెనీ ఈ నగరాల్లో అమ్మకమే ఆపేసింది. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన బండి, వేరే ఊళ్ల కోసం 2014 దాకా తయారైంది గానీ మన ఊళ్లో మాత్రం అక్కడితో సరి. తాత ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైర్ అయ్యాడు. ఆపేస్తున్నారని తెలిసే కొన్నాడట. "ఇప్పి మళ్ల మనమే బిగించుకునే కారు ఇదే ఆఖరిది" అంటాడు. నాకప్పుడు నాలుగేళ్లు. వానాకాలంలో వెనక సీట్లో మోకాళ్ల మీద నిలబడి, ఆవిరి పట్టిన డిక్కీ అద్దం మీద వేలితో అక్షరాలు రాసేదాన్నో గీతలు గీసేదాన్నో తెలీదు కానీ, నేను బడికి ముందు రాసిన 'అ' ఆ అద్దం మీదేనని తాత అందరికీ చెబుతాడు.

ప్రైవేటు కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అంటే 2025 మార్చితో అయిపోయింది. ఫారం 25 నింపి, ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకి తీసుకెళ్లి చూపించి, ఫిట్‌నెస్ పాసైతే ఇంకో ఐదేళ్లు పొడిగిస్తారు. కానీ తాత కళ్లకి ఆపరేషన్ అయ్యాక రెండేళ్లుగా బండి నడపడం లేదు. నింపని ఫారం 25 ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద వేలాడుతూ ఉండిపోయింది. బండి సెల్లార్‌లో దుమ్ము కప్పుకుంది. అప్పుడు అన్న అడిగాడు: "నాకియ్యి తాతా, రేసు బండి చేస్తా."

అన్నకి ఈ పిచ్చి ఎప్పుడు పట్టిందో నాకు తేదీతో సహా తెలుసు. 2023 ఫిబ్రవరి 11. ఆ రోజు హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. ఎన్టీఆర్ మార్గ్, సెక్రటేరియట్ చుట్టూ 2.83 కిలోమీటర్ల ట్రాక్. మా వాళ్లింటి నుంచి ఖైరతాబాద్ దాటితే అదే. మనం రోజూ ట్రాఫిక్‌లో పది కిలోమీటర్ల స్పీడులో పాకే రోడ్డు మీద కార్లు బాణాల్లా పోతుంటే అన్న నోరు తెరుచుకుని చూశాడు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. అన్న పిచ్చి మాత్రం రద్దు కాలేదు. ఇప్పుడు వాడి కన్ను చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఉంది. ముందు అక్కడ ట్రాక్ డేల్లో నాలుగు రౌండ్లు తిప్పి, తర్వాత పోటీల సంగతి చూస్తాడట.

రేసు బండి అంటే ముందు ఇంజన్ మారుస్తారని నేననుకున్నాను. అన్న ముందు సీట్లు తీశాడు. తర్వాత కార్పెట్లు, స్పీకర్లు, తలుపుల లోపలి అట్టలు. ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో పైపులతో రోల్ కేజ్ వెల్డింగ్ చేయించాడు. అది మాత్రం బరువు పెంచే పని. అయినా ప్రాణం కోసం తప్పదు. ఆ పెరిగిన బరువు ఎక్కడో తగ్గించాలి. అప్పుడు అద్దాల మీద పడ్డాడు.

లెక్క సింపుల్. గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకి 2.5 గ్రాములు. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌ది 1.2. అదే మందంలో సగం బరువు కూడా ఉండదు. నాలుగు తలుపుల అద్దాలు, డిక్కీ అద్దం తీసి పాత సామాన్ల అతని కాటా మీద పెడితే పదకొండు కిలోలు దాటాయి. అద్దాలు పైకీ కిందకీ తిప్పే హ్యాండిళ్లు, వాటి ఇనుప చట్రాలు ఇంకో నాలుగు కిలోలు. వీటి బదులు ప్లాస్టిక్ పెడితే ఐదారు కిలోలతో అయిపోతుంది. అంటే పది కిలోల దాకా మిగులు. బండి బరువు సుమారు 650 కిలోలు, అన్న 70. ఇంజన్ 37 హార్స్‌పవర్. నేను కూర్చుని లెక్కేస్తే ఆ పది కిలోలు తగ్గించడం దాదాపు అర హార్స్‌పవర్ పెంచినంత. "అన్నా, నువ్వు మూడు నెలలు బిర్యానీ మానేస్తే ఇంతే ఫలితం, పైసా ఖర్చు ఉండదు" అన్నాను. వాడు నా వైపు చూసిన చూపు రాయడానికి నా తెలుగు చాలదు. కానీ వాడి మాటలోనూ పాయింట్ ఉంది. అద్దాలు బండిలో ఎత్తున ఉంటాయి. పైన బరువు తగ్గితే మలుపుల్లో బండి పక్కకి ఒరగడం తగ్గుతుంది. బిర్యానీ బరువు సీటు మీదే ఉంటుంది కదా.

ముందు అద్దం మాత్రం ముట్టుకోలేదు. అది రెండు గాజు పలకల మధ్య పలచటి ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. రాయి తగిలితే సాలెగూడులా చిట్లుతుంది గానీ ఊడి మీద పడదు. పైగా పాలీకార్బొనేట్‌కి గీతలు తొందరగా పడతాయి. వైపర్ నాలుగుసార్లు ఆడిందంటే ఎదుర ఏమీ కనపడదు.

ఇక షీటు కొనడం. అమీర్‌పేటలో దొరకనిది ఉంటుందా అనుకుని ముందు అక్కడికే వెళ్లాం. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో వాటికి బోర్డులు చేసే షాపులు కూడా అన్నట్టే ఉంటాయి. కోర్సు మారినప్పుడల్లా బోర్డు మారాలి. జావా, ఒరాకిల్ అన్న అక్షరాలు పోయి డేటా సైన్స్, డెవాప్స్, జెన్ ఏఐ వచ్చాయి. మేం వెళ్లిన సందులో ఒక షాపు ముందు ఊడదీసిన పాత అక్షరాలు గోనెసంచిలో పోసి ఉన్నాయి. అన్న నడిగాడు, "పాలీకార్బొనేట్ మూడు ఎంఎం ఉందా?" షాపతను ఒక నిగనిగలాడే షీటు తీసి వేలితో కొట్టి చూపించాడు. "ఇదే అన్నా. అన్‌బ్రేకబుల్. ఇప్పుడే లేజర్ మీద కోసిస్తా, అంచు అద్దం లెక్క వస్తది."

ఆ మాటతోనే నాకు అనుమానం వచ్చింది. లేజర్ మీద అందంగా తెగేది యాక్రిలిక్. పాలీకార్బొనేట్‌ని లేజర్‌తో కోస్తే అంచు మాడి గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఒక చిన్న వ్యర్థం ముక్క అడిగి తీసుకుని బయటకొచ్చి వంచాం. కొంచెం వంగి, ఠప్పుమని విరిగింది. విరిగిన అంచు కత్తిలా ఉంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, బరువూ దాదాపు ఒకటే. కాల్చి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది: యాక్రిలిక్ తియ్యటి వాసనతో కొవ్వొత్తిలా కాలుతూనే ఉంటుంది. పాలీకార్బొనేట్ నల్లటి మసి వదిలి, మంట తీసేయగానే దానంతటదే ఆరిపోతుంది. ఎవరైనా ఇంట్లో ఈ పని చేద్దామనుకుంటే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. బోర్డుకి యాక్రిలిక్ బంగారం లాంటిది. రేసు బండి కిటికీకి పెడితే, గుద్దుకున్నప్పుడు ఆ కత్తులన్నీ లోపలికే వస్తాయి.

చివరికి రాణిగంజ్‌లో దొరికింది. అక్కడా మొదట చూపించింది పార్కింగ్ షెడ్డు మీద వేసే డొల్ల షీటు. "సాలిడ్ కావాలి" అని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. తలుపులకి 3 మిల్లీమీటర్లు, డిక్కీకి 4. గీతలు పడకుండా గట్టి పూత వేసిన రకం కూడా ఉంటుంది కానీ ధర విన్నాక అన్న మామూలుది చాలన్నాడు.

ఈ ప్లాస్టిక్ చరిత్ర కొంచెం చెప్పాలి, నాకు నచ్చింది కాబట్టి. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్ దీన్ని తయారుచేశాడు. దాదాపు అదే సమయంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ కూడా చేశాడు. వాళ్లది మాక్రోలాన్, వీళ్లది లెక్సాన్. రేసు వాళ్లు ఏ కంపెనీ షీటునైనా లెక్సాన్ అనే అంటారు, మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు. మన అమీర్‌పేటకి దీనితో ఇంకో చుట్టరికం ఉంది. కోచింగ్ సెంటర్లు ఒకప్పుడు మెటీరియల్ ఇచ్చిన సీడీలన్నీ పాలీకార్బొనేట్‌వే.

షీటు ఇంటికి చేరాక అసలు పరీక్ష మొదలైంది. మా పెద్దమ్మ.

"ప్లాస్టిక్ అద్దాలా? బకెట్ లెక్క ఉంటయా? ఎండకు కరగవా?" ఇవి మొదటి ప్రశ్నలు. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నవు గదా బిడ్డా, నువ్వు చెప్పు. గాజు గట్టిదా, ఇది గట్టిదా?"

నేను చదివేది కంప్యూటర్ సైన్స్. కానీ పెద్దమ్మకి ఇంజనీరింగ్ అంతా ఒకటే. ఇంగ్లీషులో అయితే రెండు ముక్కల్లో చెప్పేసేవాణ్నో చెప్పేసేదాన్నో, 'బ్రిటిల్', 'డక్టైల్' అని. తెలుగులో 'గట్టి' అన్న ఒక్క మాటే నా దగ్గరుంది. గాజు మీద గీత పడదు కాబట్టి అది గట్టిది. ప్లాస్టిక్ పగలదు కాబట్టి ఇదీ గట్టిదే. మరి ఏది ఎక్కువ? కుర్చీలో కూర్చున్న తాత అందించాడు: "గాజు పెళుసు. ఇది సాగుతది." అంతే. రెండు మాటలు. అప్పటిదాకా పెళుసు అంటే మా నాన్నమ్మ 'పెళుసు మాటలు' అని తిట్టడమే నాకు తెలుసు. ముక్కుసూటిగా విరిగే మాటలన్న మాట, ఇప్పుడు అర్థమైంది.

నీళ్ల క్యాన్ కూడా సాయపడింది. ఇంటికొచ్చే ఇరవై లీటర్ల నీలం క్యాన్లలో గట్టి రకం ఇదే ప్లాస్టిక్‌తో చేస్తారు. ఆటోలోంచి పిల్లాడు విసిరినా పగలని క్యాన్ చూపించి, "ఇదే పెద్దమ్మా" అన్నాను. పెద్దమ్మ సగం మెత్తబడింది. మిగతా సగం కోసం అన్న సెల్లార్‌లో ఒక ముక్కని రెండు ఇటుకల మధ్య పెట్టి సుత్తితో కొట్టాడు. సుత్తి ఎగిరి వెనక్కొచ్చింది. ఇంకోసారి, ఇంకా గట్టిగా. ముక్క మీద చిన్న సొట్ట, అంతే. వాచ్‌మన్ కూడా వచ్చి ఒక దెబ్బ వేసి చూశాడు. అందరం నవ్వుతున్నాం.

పెద్దమ్మ నవ్వలేదు. ఆ ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది. "సరే, పగలదు. మరి బండి బోల్తపడి, తలుపు ఇరుక్కపోయి, మంట అంటుకుంటే? వీడు ఎట్ల బయటికొస్తడు? బయటోళ్లు ఏం పలగ్గొట్టి వీణ్ణి గుంజాలె?"

ఎవరం మాట్లాడలేదు. ఆ ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కాలిపోయి అప్పటికి నెల కూడా కాలేదు. బతికినవాళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లే. అన్న బెంగళూరులో ఉద్యోగం చేసినప్పుడు నెలకి రెండుసార్లు అదే రోడ్డు మీద, అలాంటి బస్సులోనే వచ్చేవాడు. అంతకుముందు 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి వస్తున్న బస్సులో 45 మంది పోయారు. అప్పుడు నేను చిన్న. తాత మాత్రం ఆ రోజుల్లో పేపర్‌లోని ఫొటోలు చూసి, అద్దాలు, తలుపులు ఎక్కడున్నాయో వేలితో చూపిస్తూ కూర్చునేవాడని పెద్దమ్మ అంటుంది. ఆర్టీసీ బస్సుల్లో ఎమర్జెన్సీ డోర్ తుప్పు పట్టి బిగుసుకుందా లేదా అని చూడటం ఆయన పనిలో భాగం.

నేను దీని గురించి ఆ రాత్రి చాలాసేపు చదివాను. తలుపుల అద్దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడి, లోపలి పొర తర్వాత గట్టిపడి, ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. అందుకే మామూలు గాజు కంటే బలం ఎక్కువ. కానీ ఒక్కచోట మొనతో గట్టిగా పొడిస్తే ఆ లాగుడంతా ఒకేసారి తెగి, పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. పొడవాటి కత్తుల్లా కాకుండా పలుకుల్లా పగలాలనీ, అవసరమైతే చిన్న సుత్తితో పగలాలనీ కోరి అలా తయారుచేశారు. మేం దాన్ని పీకేసి, ఏం చేసినా పగలని దాన్ని పెట్టబోతున్నాం. పది కిలోలు మిగిలిందని కాగితం మీద రాసుకున్నాం గానీ, అద్దంతో పాటు ఒక దారి కూడా తీసేస్తున్నామన్నది మా కాగితంలో ఎక్కడా లేదు.

అన్న ముందు వాదించాడు. రోల్ కేజ్ ఉంది, నిప్పు ఆర్పే సిలిండర్ ఉంది, ట్రాక్ పక్కన మార్షల్స్ ఉంటారు అని. పెద్దమ్మ ఏమీ అనలేదు. ఫ్రిజ్ మీది ఫారం 25 తీసుకొచ్చి తాత చేతిలో పెట్టింది. "నువ్వు సంతకం పెట్టు మామా. బండి రోడ్డు మీదనే తిరగని." అంటే సంతకం పడితే పాత అద్దాలు మళ్లీ బిగించాలి. రిజిస్టర్ అయిన బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చి రోడ్డు మీద తిప్పడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు. ప్లాస్టిక్ కిటికీలు పెడితే ఇక అది ట్రాక్ బండే. చెన్నైకి కూడా లారీ మీదే పోవాలి.

తాత ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు. "ముందు వాడు ఎన్ని సెకండ్లల్ల బయటికొస్తడో చూడుండ్రి" అన్నాడు.

తర్వాతి రెండు ఆదివారాలు మేం కిటికీలు కోయలేదు. బయటకు రావడమే ప్రాక్టీస్ చేశాం. అన్న హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కూర్చుంటాడు. పెద్దమ్మ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి "ఊఁ" అంటుంది. తలుపు తెరవకూడదు. మొదటిసారి, ఖాళీగా ఉన్న డ్రైవర్ కిటికీలోంచి బయటపడటానికి 21 సెకన్లు పట్టింది, మోచేయి కొట్టుకుంది కూడా. పదోసారికి 9 సెకన్లు. పక్క సీటు వైపు నుంచి అయితే కేజ్ పైపు అడ్డొచ్చి అరనిమిషం. పెద్దమ్మ అన్నీ పాల లెక్క పుస్తకంలో రాసింది. ఆ లెక్కలు చూశాకే నిర్ణయమైంది. డ్రైవర్ కిటికీకి ప్లాస్టిక్ పెట్టకూడదు. దాని బదులు ఒక్క లాగుతో ఊడిపోయే వల. ట్రాక్ నిర్వాహకులను అడిగితే వల సరేనన్నారు. డిక్కీది బోల్టులతో కాకుండా క్లిప్పులతో పెట్టాలి, లోపలి నుంచైనా బయటి నుంచైనా లాగితే మొత్తం పలక ఊడి రావాలి. అన్న దాని మీద ఎర్ర రంగుతో 'ఇక్కడ లాగండి' అని రాయబోతే తాత ఆపాడు. "చెన్నైల తెలుగు ఎవడు చదువుతడురా? బాణం గుర్తు పెట్టు." తెలుగు క్లబ్ పత్రికలో ఇది రాయొచ్చో లేదో కానీ, తాత చెప్పిందే కరెక్టు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. పాత అద్దాలను అట్టల మీద పెట్టి గీసి, అట్ట కోసి బండికి పెట్టి చూసి, సరిపోయాకే షీటు మీద గీశాం. షీటుకి రెండు వైపులా ఉండే రక్షణ పొర చివరిదాకా తీయకూడదు. ఎండను తట్టుకునే పూత ఒక వైపే ఉంటుంది, ఆ పొర మీద రాసి ఉంటుంది. ఆ వైపు బయటికి రావాలి. సన్నపళ్ల బ్లేడుతో జిగ్‌సా మీద నెమ్మదిగా కోశాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆపాం, మూడో అంతస్తు ఆంటీ నిద్రపోతారు కాబట్టి.

కోసిన అంచుని అలా వదిలేయకూడదట. తాత ఆకురాయితో, తర్వాత ఎమరీ పేపర్‌తో గంటలకొద్దీ రుద్దాడు. అంచులో చిన్న గాటు ఉన్నా పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. ఆయన కంటికి ఆ గాట్లు కనపడవు. బొటనవేలు నడిపి పట్టుకునేవాడు. బెజ్జాల దగ్గర అన్న మామూలు డ్రిల్ బిట్ వాడితే అది షీటుని పట్టుకుని పైకి లాగేసింది, బెజ్జం చుట్టూ నెర్రెలు. మెట్లు మెట్లుగా ఉండే బిట్ తెచ్చాక సాఫీగా పడ్డాయి.

బెజ్జం ఎంత ఉండాలన్నది నా డిపార్ట్‌మెంట్. ఈ ప్లాస్టిక్ వేడికి ఇనుముకంటే ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. మీటరు వెడల్పు పలక, రాత్రి సెల్లార్ చల్లదనానికీ చెన్నై మధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల తేడా అనుకుంటే, 2.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి రేకు అర మిల్లీమీటరే. బోల్టు సైజుకి సరిగ్గా బెజ్జం పెడితే పలకకి కదిలే చోటుండదు. ఉబ్బుతుంది, లేదా బెజ్జం దగ్గర చిట్లుతుంది. అందుకే 5 మిల్లీమీటర్ల బోల్టుకి 8 మిల్లీమీటర్ల బెజ్జం, మీద రబ్బరు వాషర్, మరీ బిగించకూడదు. పలకని వేడి చేయకుండా వంచొచ్చు కానీ దానికీ హద్దుంది: వంపు వ్యాసార్ధం మందానికి కనీసం వంద రెట్లుండాలి. మారుతి 800 తలుపుల అద్దాలు దాదాపు చదునే కాబట్టి బతికిపోయాం. ఇప్పటి కార్ల గుండ్రటి అద్దాలైతే ఇంట్లో చేసే పని కాదు.

ఇంకొక్కటి. వాచ్‌మన్ మంచి మనసుతో, జిగురు మరకలు పోతాయని థిన్నర్ గుడ్డ తెచ్చాడు. పరిగెత్తుకెళ్లి ఆపాను. నమ్మకపోతే చూడమని ఒక వ్యర్థం ముక్కని వంచి బిగించి, వంపు మీద రెండు చుక్కలు వేశాను. కాసేపటికే సన్నటి వెండి గీతల్లా పగుళ్లు మొదలయ్యాయి. సుత్తికి లొంగని షీటు రెండు చుక్కలకి లొంగిపోయింది. పెట్రోల్, అసిటోన్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ఏదైనా అంతే. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతకుమించి వద్దు. ఈ మాట తాత ఒక అట్ట మీద రాసి బండి పక్క గోడకి అంటించాడు.

సంక్రాంతి మరునాడు డిక్కీ పలక పెట్టాం. పెద్దమ్మ లోపల కూర్చుని క్లిప్పులు లాగింది. పలక ఊడి అన్న చేతుల్లో పడింది. మళ్లీ పెట్టించి బయటి నుంచి లాగింది. మళ్లీ. నాలుగోసారి తర్వాత దిగి, ఏమీ అనకుండా చీర దులుపుకుని, "టీ తాగుతరా?" అంది. ఆ సాయంత్రం తాత జేబులోంచి ఫారం 25 తీశాడు. సంతకం లేదు. వెనక వైపు ఖాళీగా ఉంది కదా అని, ఎక్కడ ఎన్ని వాషర్లు పట్టాయో లెక్క దాని మీద రాసి అన్నకిచ్చాడు.

పాత అద్దాలు ఐదూ పాత దుప్పట్లలో చుట్టి అటక మీద పెట్టాం. బండి వచ్చే నెల లారీ ఎక్కుతుంది. వల కొక్కేలు ఇంకా ఒక వైపు బిగించాలి. గీతలు పడి ఏడాదికోసారైనా పలకలు మార్చాల్సి వస్తుంది కాబట్టి కొలతల అట్టలు పారేయొద్దన్నాడు తాత. వాటి మీద నేను ఇంగ్లీషు పొడి అక్షరాలు రాశాను. ఆయన వాటి కింద స్కెచ్ పెన్నుతో తన అక్షరాల్లో రాశాడు: ఎడమ ముందు, ఎడమ వెనక, కుడి వెనక, డిక్కీ. కుడి ముందు అట్ట కూడా ఉంది, మేం పని మొదలుపెట్టినప్పుడు కోసినది. దాని మీద 'ఇది కోయొద్దు' అని రాసి ఉంది. ఆ చేతిరాత పెద్దమ్మది.